ఇంజిన్ చల్లగా ఉండటం కూడా జబ్బే

రెండు నెలల కిందట ఒక స్నేహితుడు నాకో ఫోటో పంపాడు. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి, వెల్లకిలా పెట్టి తీసిన ఫోటో. లోపలి అంచు చుట్టూ లేత పసుపు రంగులో చిక్కటి నురగ పట్టి ఉంది. "హెడ్ గాస్కెట్ పోయిందంటున్నార్రా. ఇంజిన్ విప్పాలట. ఏం చెయ్యమంటావ్?" అని కింద రాశాడు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు. అది పోతే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఆయిల్‌లో కలిసి ఇలాంటి నురగ రావచ్చు.

నేను అడిగింది ఒక్కటే: "ఈమధ్య బండికి ఏం పని చేయించావ్?" అంతకుముందు ఎండల్లో ఒకసారి బండి హీటెక్కిందట. చూపిస్తే మెకానిక్ థర్మోస్టాట్ పీకేశాడట. కూలెంట్ వేడిని బట్టి రేడియేటర్ దారిని తెరిచి మూసే చిన్న వాల్వు అది. "ఎండలుండే చోట అది అక్కర్లేదు సార్, లేకపోతేనే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అన్నాడట. అప్పట్నుంచి టెంపరేచర్ ముల్లు సగం దాకా కూడా రావడం లేదని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వాడి గొంతులో సంతోషం వినిపించింది.

ఆ సంతోషమే నాచేత ఇది రాయిస్తోంది. థర్మోస్టాట్ ఎప్పుడు మార్చాలి అని ఎవరినడిగినా "ఇంజిన్ హీటెక్కితే" అంటారు. అది సగం జవాబే. ఎక్కాల్సినంత వేడి ఎక్కకపోవడం మిగతా సగం. ఆ సగాన్ని మనం జబ్బుగా చూడం, పైగా అదృష్టం అనుకుంటాం. నా దృష్టిలో చల్లగా నడిచే ఇంజిన్ హీటెక్కే ఇంజిన్ అంత తొందరగా చావదు కానీ, థర్మోస్టాట్ మార్చమని అది కూడా అంతే గట్టిగా అడుగుతోంది. ఇక దాన్ని పీకి పక్కన పెట్టేయడం రిపేరు కానే కాదు.

ముల్లు పడిపోతుంటే ఊరుకున్న తొమ్మిది నెలలు

ఈ మాట ఇంత నమ్మకంగా అనడానికి కారణం, నేనూ అదే పొరపాటు చేశాను. నా పాత బండిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు సరిగ్గా మధ్యలో ఉండేది. హైవే ఎక్కి వేగం అందుకోగానే మెల్లగా కిందికి జారేది. మళ్లీ ఎక్కడైనా ఆగితే పైకొచ్చేది. గాలి బాగా తగులుతోంది కదా, అందుకే చల్లబడుతోంది అనుకున్నాను. వినడానికి సబబుగానే ఉంది. కానీ అసలు థర్మోస్టాట్ అన్నది ఉన్నదే అలా జరగకుండా చూడటానికి. రేడియేటర్‌కి ఎంత గాలి తగిలినా, ఇంజిన్‌లోని కూలెంట్ ఒక స్థాయికి దిగగానే వాల్వు మూసుకుపోయి దాన్ని రేడియేటర్ వైపు వెళ్లనివ్వకూడదు. వేగాన్ని బట్టి వేడి మారుతోందంటే వాల్వు తన పని మానేసిందని అర్థం. ఆ తర్కం నాకు తట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది.

సూచనలు లేక కాదు. చలికాలం పొద్దున్నే అద్దానికి పట్టిన ఆవిరి పోవడానికి హీటర్ వేస్తే పావుగంట తర్వాత కూడా గోరువెచ్చటి గాలే వచ్చేది. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ రాసుకునే అలవాటు నాకుంది. ఆ పుస్తకంలో మైలేజీ లీటరుకి ఒకటిన్నర కిలోమీటరు మేర తగ్గినట్టు కనిపిస్తోంది. టైర్లలో గాలి చూశాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ఏసీ వాడకం తగ్గించాను. ముల్లు వైపు మాత్రం వేలు చూపించలేదు.

చివరికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0128 కోడ్. అంటే ఇంత సేపట్లో కూలెంట్ ఇంత వేడెక్కాలి అని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) వేసుకున్న లెక్కని అది అందుకోలేదని. అప్పుడు ఆ కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే ఒక చిన్న ఓబీడీ అడాప్టర్ తగిలించి, ఫోన్‌లో అంకెలు చూస్తూ పక్క సీట్లో కూర్చున్నాను. తమ్ముడు నడిపాడు. నిలబడ్డప్పుడు 86, హైవే మీద 74, కాసేపటికి 69. ఆ బండికి వేసిన థర్మోస్టాట్ తెరుచుకోవాల్సింది 88 డిగ్రీల దగ్గర. అంటే అసలు తెరుచుకోకూడని వేడిలో తొమ్మిది నెలల పాటు అది తెరిచే ఉంది.

దారానికి వేలాడిన రెండు థర్మోస్టాట్లు

మార్చేటప్పుడు పాతదాన్ని పారేయనివ్వలేదు. అరచేతిలో పట్టేంత ఇత్తడి, ఉక్కు ముక్క. పైకి చూస్తే తుప్పు కూడా పెద్దగా లేదు. కానీ బల్బుకి ఎదురుగా పట్టుకుని చూస్తే వాల్వు పళ్లెం అంచున ఒకవైపు గోటి వంపంత వెలుగు గీత కనిపించింది. మామూలు వేడిలో అక్కడ చీకటిగా ఉండాలి. రబ్బరు అంచు ఒకచోట ఊడి, మడతపడి, పళ్లేనికీ అది కూర్చునే చోటుకీ మధ్య ఇరుక్కుపోయింది. ఆ సన్నటి సందే నా మైలేజీనీ హీటర్నీ తినేసింది.

కొత్తదాన్ని బిగించే ముందు ఒక పరీక్ష చేశాను. తెలిసినవాళ్లు ఎప్పట్నుంచో చేసే పద్ధతే. స్క్రూడ్రైవర్ మొనతో వాల్వుని కొద్దిగా ఎత్తి, కింద దారం కొస దూర్చి వదిలేస్తే స్ప్రింగ్ ఆ దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ దారంతోనే థర్మోస్టాట్‌ని నీళ్ల గిన్నెలోకి వేలాడదీసి, అడుగుకి తగలకుండా చూసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాలి. పాతదానికి ఆ పరీక్ష మొదలే కాలేదు. దారం దూర్చి ఎత్తగానే జారిపోయింది. కొత్తది 80 దగ్గర కదల్లేదు, 85 దగ్గర కదల్లేదు. థర్మామీటర్ 89 చూపిస్తుండగా పట్టు వదిలి టక్కున గిన్నె అడుగున పడింది. దాని మీద చెక్కి ఉన్న అంకె 88. ఒక డిగ్రీ తేడా నా థర్మామీటర్‌దే అయ్యుండొచ్చు.

అంత కచ్చితంగా ఎలా తెరుచుకుంటుందంటే, దాని మధ్యలో ఉన్న చిన్న గిన్నెలాంటి డబ్బాలో మైనం ఉంటుంది. గట్టిగా ఉన్న మైనం కరిగేటప్పుడు ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి లోపలున్న సన్నటి పిన్ను బయటికి తోసుకొస్తుంది. పిన్ను పైన ఉన్న వంతెనకి ఆనుకుని ఉంటుంది కాబట్టి కదిలేది పిన్ను కాదు, డబ్బా. డబ్బాతోపాటు వాల్వు కిందికి జారి దారి తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగ్ మళ్లీ మూసేస్తుంది. ఏ మైనం ఏ వేడిలో కరుగుతుందో దాన్ని బట్టి 82 అనో 88 అనో 92 అనో తయారుచేస్తారు. తెరుచుకోవడం మొదలయ్యాక పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు పడుతుంది.

ఈ మైనం పద్ధతి 1930ల్లో సెర్గియస్ వెర్నే తెచ్చాడు. అంతకుముందు వాడిన, ముడతలు పడ్డ లోహపు తిత్తిలో త్వరగా ఆవిరయ్యే ద్రవం పోసే రకం పగిలితే చాలావరకు తెరిచే ఉండిపోయేది. మైనం రకంలో మైనం కారిపోతే తోసే బలమే ఉండదు, స్ప్రింగ్ మూసేసి కూర్చుంటుంది. థర్మోస్టాట్ వల్ల ఇంజిన్ హీటెక్కి రోడ్డు మీద ఆగిపోయే కథలు ఈ రెండో తీరువి. అందరి భయం దీని మీదే. నా థర్మోస్టాట్ లాగా చెత్తో, రబ్బరు ముక్కో అడ్డుపడి, లేదా స్ప్రింగ్ నీరసించి పూర్తిగా మూసుకోని తీరు గురించి ఎవరికీ భయం లేదు.

చల్లగా ఉంటే పోయేదేమిటి?

నా స్నేహితుడు ఇదే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారుగా ఒక లీటరు నీళ్లు ఆవిరి రూపంలో పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సర్ నుంచి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. ఇంజిన్ సరైన వేడిలో ఉంటే ఆ తేమ ఆయిల్‌లోంచి మళ్లీ ఆవిరై బయటికి పోతుంది. ఇంజిన్ ఎప్పుడూ 70 దగ్గరే తచ్చాడుతుంటే పోదు. చల్లటి మూత కింద చేరి, ఆయిల్‌తో కలిసి, అచ్చం నా స్నేహితుడి ఫోటోలో కనిపించిన నురగలా తయారవుతుంది. దీనికి తోడు, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేసి, కింద ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. రింగులూ గోడలూ అరిగేది ఇలాగే. ఆ అరుగుదల ఏ ముల్లూ చూపించదు.

ఈ తరం బండ్లలో ఇంకా ఉన్నాయి. చాలా డీజిల్ బండ్లలో కూలెంట్ తగినంత వేడెక్కకపోతే పొగగొట్టంలోని మసి ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకోవడం మొదలే పెట్టదు. ఫిల్టర్ నిండిపోయిందని మార్చేవాళ్లు కొందరు ముందు థర్మోస్టాట్ చూడాల్సింది. హైబ్రిడ్లలో ఇంజిన్ వేడెక్కేదాకా ఆగదు, అంటే హైబ్రిడ్ కొన్న ప్రయోజనమే పోతుంది. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగే ఇంజిన్ ఆగడం మానేసినా అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

"తీసేస్తే చాలు" అన్న మాట గురించి

ఆ మెకానిక్‌ని నేను తప్పుపట్టాలనుకోవడం లేదు. అతని ఎదురుగా ఉన్నది ఎండలో పొగలు కక్కుతున్న బండి, కంగారు పడుతున్న మనిషి. థర్మోస్టాట్ తీసేశాక బండి హీటెక్కలేదు. అతని అనుభవంలో అది నూటికి నూరుపాళ్లు పనిచేసిన మందు. దారిలో ఇరుక్కున్నప్పుడు ఇంటికి చేరడానికి నేనైనా అదే చేస్తాను. ఇంటికి చేరాక కూడా అలాగే వదిలేయడం దగ్గరే నా పేచీ.

బయట ఎంత ఎండగా ఉన్నా 45 డిగ్రీలు దాటడం అరుదు. ఇంజిన్‌కి కావాల్సింది దాదాపు 90. మధ్యలో ఉన్న ఆ తేడాని చూసుకోవడానికి ఎండలుండే చోటైనా థర్మోస్టాట్ అవసరమే. ఇంకో సంగతి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి రెండు పళ్లేలుంటాయి. పైది రేడియేటర్ దారి తెరుస్తున్నప్పుడు కిందది బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. మామూలు రోడ్డు మీద తెలియదు. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని పొడవాటి ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. చల్లగా ఉంటుందని పీకిన బండే అక్కడ హీటెక్కుతుంది. దీనికి కొందరు "నీళ్లు మరీ వేగంగా తిరిగితే వేడి వదిలే టైముండదు" అని కారణం చెబుతారు. అది సరైంది కాదు. ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ వేడి బయటికి పోతుంది. అసలు సంగతి దారి తప్పిన ఆ కూలెంట్.

మరి ముందే మార్చేస్తే?

ఇక్కడ నాకు నిజంగానే సందేహం ఉంది. మా బావగారు బండ్ల విషయంలో నాకంటే చాలా అనుభవం ఉన్న మనిషి. "ఆడుతున్నదాన్ని కెలకొద్దు" అంటారాయన. బాగానే పనిచేస్తున్న పాత థర్మోస్టాట్ తీసి నాసిరకం కొత్తది వేస్తే, రిపేరు కాస్తా రోగమవుతుందని ఆయన వాదన. అలా అయిన బండ్లు ఆయన చూశారు, నేను కాదనలేను. ఇన్ని కిలోమీటర్లకి మార్చాలి అని ఆయిల్ ఫిల్టర్‌కి ఉన్నట్టు దీనికి అందరూ ఒప్పుకున్న లెక్క కూడా లేదు.

కానీ ఆయన వాదనకి ఒక గట్టి ఎదురు వాదన ఉంది. మూసుకుపోయి పాడయ్యే థర్మోస్టాట్ నోటీసివ్వదు. ముల్లు ఎర్రగీత దాకా వెళ్లడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ నిమిషాల్లో బండి ఆపకపోతే సిలిండర్ హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ పోతుంది. ఇంత చిన్న సామాను కోసం అంత పెద్ద ఇంజిన్‌ని పణంగా పెట్టాలా అంటే నా దగ్గర జవాబు లేదు.

చివరికి నేను తేల్చుకున్నది ఇది. బాగున్న బండిలో కిలోమీటర్లు చూసి థర్మోస్టాట్ కోసమే కూలెంట్ దింపను. వాటర్ పంపుకో టైమింగ్ బెల్టుకో కూలెంట్ ఎలాగూ దింపుతుంటే పాతది ఎంత బాగున్నా మారుస్తాను, కంపెనీ రకమే వేస్తాను. బండి ఒక్కసారి తీవ్రంగా హీటెక్కిందంటే, కారణం వేరే ఏదైనా సరే, థర్మోస్టాట్ కూడా మారుస్తాను. ఆ వేడికి దాని మైనం, రబ్బరు దెబ్బతినే అవకాశం ఉంది. చేతులు మారిన బండిలో కూలెంట్ తుప్పు రంగులో కనిపిస్తే శుభ్రం చేయించేటప్పుడే కొత్తది వేయిస్తాను. బావగారు ఈ చివరి రెండిటికీ ఒప్పుకున్నారు, వాటర్ పంపుతోపాటు బాగున్నదాన్ని మార్చడానికి మాత్రం ఇంకా తల అడ్డంగానే ఊపుతున్నారు.

మార్చే ముందు దాని మీదే నేరం మోపొద్దు

ఇంకో పక్క, ప్రతిదానికీ థర్మోస్టాట్‌నే అనేవాళ్లూ ఉన్నారు. ఒకే బండికి రెండుసార్లు మార్చి, ఆఖరికి పాడైంది టెంపరేచర్ సెన్సర్ అని తెలుసుకున్న మనిషి నాకు తెలుసు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే స్కానర్ పెడితే కూలెంట్ వేడి బయటి వాతావరణంతో దాదాపు సమానంగా చూపించాలి. పది, ఇరవై డిగ్రీల తేడా ఉంటే ముందు సెన్సర్ సంగతి చూడాలి.

డాష్‌బోర్డు ముల్లుని కూడా పూర్తిగా నమ్మలేం. జనం కంగారు పడకుండా చాలా బండ్లలో దాన్ని, అసలు వేడి ఇరవై ముప్ఫై డిగ్రీలు అటూ ఇటూ మారుతున్నా, మధ్యలోనే నిలబెట్టేస్తారు. అలాంటి బండిలో ముల్లు కిందికి జారిందంటే లోపల వేడి చాలా పడిపోయినట్టు. స్కానర్ అంకె మేలు. అయితే ఆ బండికి ఎంత ఉండాలో తెలుసుకుని చూడాలి. ఈసీయూ మాట వినే ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్లున్న కొన్ని ఇంజిన్లు మెల్లగా వెళ్లేటప్పుడు కావాలనే 105 డిగ్రీల దాకా నడుస్తాయి. అక్కడ 105 చూసి భయపడక్కర్లేదు, 88 చూసి సంబరపడక్కర్లేదు.

స్కానర్ లేకపోతే చేతులున్నాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోసు పైపు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఫ్యాన్‌కీ బెల్టులకీ దూరంగా. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగడం మొదలెడుతుంది. మంచి థర్మోస్టాట్ అయితే కొన్ని నిమిషాల పాటు పైపు చల్లగానే ఉండి, ఆ తర్వాత ఉన్నట్టుండి వేడెక్కుతుంది. మొదట్నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే తెరిచే ఉందని. ముల్లు పైకెళ్లిపోతున్నా పైపు చల్లగానే ఉంటే మూసుకుపోయిందని, లేదా లోపల కూలెంట్ తగ్గి గాలి చేరిందని. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, అక్కడ ఈ కబురు కింది పైపు చెబుతుంది. రెండు పైపులూ కాగుతూ కూడా బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాట్‌ని వదిలేసి ఫ్యాన్, దానికి కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే, రేడియేటర్‌లో అడ్డంకులు చూసుకోవాలి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకూడదు.

నా స్నేహితుడి విషయంలో కూడా ఇదే వరస పాటించాం. కూలెంట్ ట్యాంకులో గీత దగ్గర స్థాయి వారం రోజులు గమనిస్తే తగ్గలేదు. కూలెంట్‌లో ఆయిల్ తెట్టు లేదు. ఆయిల్ గేజ్ పుల్ల తీస్తే ఆయిల్ మామూలు రంగులోనే ఉంది. కూలెంట్‌లోకి మండిన గ్యాస్ వస్తోందేమో చూసే రంగు ద్రవం పరీక్ష కూడా చేయించాడు, రంగు మారలేదు. అప్పుడు ఇంజిన్ విప్పే ఆలోచన పక్కన పెట్టి, కొత్త థర్మోస్టాట్ వేయించాడు. గాలి బయటపడేందుకు దాని అంచున వేలాడే చిన్న పిన్ను పై వైపు వచ్చేలా, స్ప్రింగ్ ఇంజిన్ వైపు ఉండేలా కూర్చోబెట్టించాను, ఫోన్‌లో ఫోటో చూసి. కూలెంట్ మార్చి, లోపలి గాలి పోయేదాకా ఆగి, ఇంజిన్ ఆయిల్ కూడా మార్పించాడు. ఆ ఎండల్లో హీటెక్కడానికి అసలు కారణం కూడా బయటపడింది: ఫ్యాన్ రిలే ఒక్కోసారి పట్టడం లేదు.

మొన్న ఆదివారం దూరం వెళ్లొచ్చి మళ్లీ ఫోటో పంపాడు. అదే మూత, లోపలి వైపు. పలచటి ఆయిల్ పూత తప్ప ఏమీ లేదు. కింద ఒక్క అంకె రాశాడు: 91. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ హైవే మీద ఆ చుట్టుపక్కలే నిలబడిందట.